లాగ్‌బుక్కులో ‘పని’ గడి

మార్చి వచ్చిందంటే మా దుకాణానికి యూనివర్సిటీల వాళ్ళు వచ్చేవాళ్ళు. బడ్జెట్టులో మిగిలిన పైసలు 31వ తారీఖు దాటితే మురిగిపోతాయి. అందుకని ఏడాదికి సరిపడా హాజరుపట్టీలు, స్టాకు రిజిస్టర్లు, డిస్పాచ్ రిజిస్టర్లు, వాటితోపాటే బండికొకటి చొప్పున లాగ్‌బుక్కులు ఒక్కసారే కొనిపెట్టుకునేవాళ్ళు. సర్కారు ఆఫీసులకు ఫారాలు చంచల్‌గూడలోని గవర్నమెంటు ప్రెస్సు నుంచి పోయేవి. యూనివర్సిటీలు తమ సామాను తామే కొనుక్కునే సంస్థలు గనక మూడు కొటేషన్లు కావాలంటూ బేగంబజారు తిరిగేవి. ఆ మూడు కొటేషన్లూ మా ఒక్క సందులోనే పుట్టేవని ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు.

మా నాయిన జిల్దు పని చేసేవాడు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపి, కాలికో గుడ్డ అంటించి రెండు క్వైర్ల రిజిస్టరు కుడితే అది ఇరవై ఏళ్ళయినా విడిపోయేది కాదు. లాగ్‌బుక్కుకు అంత గట్టి జిల్దు ఎందుకని చిన్నప్పుడు అడిగాను. “అది ఆఫీసులో ఉండదురా, బండిలో ఉంటది. డ్రైవరు సీటు కింద ఎండకు ఎండి, వానకు నానాలె. ఆ తర్వాత ఆడిట్ వాళ్ళ చేతుల్ల పడాలె” అన్నాడు.

పేజీలో గడులు ఇట్లా ఉండేవి: తారీఖు, బయలుదేరిన వేళ, తిరిగొచ్చిన వేళ, మొదటి రీడింగు, చివరి రీడింగు, తిరిగిన దూరం, ఎక్కడి నుంచి ఎక్కడికి, పని, పోసిన పెట్రోలు, ఆయిలు, ప్రయాణం చేసిన అధికారి సంతకం, డ్రైవరు సంతకం. వేళలు గడియారం చెబుతుంది, దూరం మీటరు చెబుతుంది, పెట్రోలు బంకు బిల్లు చెబుతుంది. ‘పని’ ఒక్కటే మనిషి నోటితో చెప్పాల్సింది. యూనివర్సిటీ ఉద్యోగి సర్కారు డబ్బుతో కొన్న బండిని ఎప్పుడు ఎక్కొచ్చు, ఎప్పుడు ఎక్కకూడదు అని ఎన్ని ఉత్తర్వులు వచ్చినా, అవన్నీ చివరికి ఆ రెండంగుళాల గడిలో ఇమడాల్సిందే. నియమాల చరిత్ర రాయాలంటే జీవోల కట్టలు తిరగేస్తారు. నాకు మాత్రం ఆ గడి వెంట పోతేనే సంగతి దొరుకుతుందనిపిస్తుంది.

సర్కారుదేది, సొంతానిదేది అన్న పేచీ ఈ పేటకు మోటారు కంటే ముందే వచ్చింది. మా దుకాణానికి నాలుగడుగుల దూరంలో ఫీల్‌ఖానా. ఒకప్పుడు ఏనుగులను కట్టేసిన చోటు. బేగంబజారు నేలే రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిందని పెద్దలు చెబుతారు. ఏనుగుకు మేత కావాలి, మావటికి జీతం కావాలి. ఆ ఖర్చు రాజ్యానిదా, ఏలిక ఇంటిదా? హైదరాబాదులో దీనికి జవాబుగా రెండు ఖాతాలు ఉండేవి. నిజాం సొంత భూములు, వాటి ఆదాయం సర్ఫ్-ఎ-ఖాస్. రాజ్యం ఆదాయం దివానీ. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న 1853–1883 కాలంలో దివానీ లెక్కలు ఒక దారికి వచ్చాయి. ఏలినవారి సొంత జేబు వేరు, ఖజానా వేరు అని కాగితం మీద ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆ కాలపు సంస్థానాలు చాలావాటికి ఆ పట్టింపే లేదు. సర్ఫ్-ఎ-ఖాస్ చివరికి 1949 ఫిబ్రవరిలో రాజ్యంలో కలిసిపోయింది. రెంటి మధ్య గీత మాత్రం మిగిలింది. నా లాగ్‌బుక్కుల్లో అది ‘డ్యూటీ’, ‘సొంతం’ అన్న పేర్లతో దిగింది.

సొంత బండి అంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోవాలనుకున్న రోల్స్‌రాయిస్ చాలు. పసుపు రంగు సిల్వర్ గోస్ట్, వెనక సింహాసనంలాంటి ఎత్తు పీట. ఆయన 1911లో కన్నుమూశాడు, బండి ఆ తర్వాత వచ్చింది. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ హయాంలో అది దశాబ్దాల తరబడి నిలబడే ఉండి, మొత్తం మీద నాలుగు వందల మైళ్ళయినా తిరగలేదంటారు. లాగ్‌బుక్కు రాసి ఉంటే ఒక్క పేజీ నిండేది కాదు. ‘పని’ గడిలో ‘ఊరేగింపు’ అని తప్ప రాయడానికి ఏముంటుంది!

ఉస్మానియా యూనివర్సిటీకి మొదట్లో బండి అవసరమే లేదు. 1917లో ఫర్మానా వచ్చింది, 1918లో స్థాపన జరిగింది, 1919 ఆగస్టు 28న కాలేజీ పాఠాలు మొదలయ్యాయి. అదంతా గన్‌ఫౌండ్రీలో, నిజాం కాలేజీ పక్క కట్టడాల్లో. ఆబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరం. 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. పాఠం చెప్పే భాష ఉర్దూ. ప్రొఫెసరుకు టాంగా ఉంటే ఉంది, లేకుంటే కాళ్ళున్నాయి. కచేరీలు, నాంపల్లి స్టేషను, పుస్తకాల అంగళ్ళు అన్నీ పిలిస్తే పలికేంత దగ్గర.

దూరం వచ్చాకే బండి వచ్చింది. 1934లో అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడింది. 1939 డిసెంబరు 4న ఆ గులాబీరాతి భవనాన్ని నిజాం ప్రారంభించాడు. యూనివర్సిటీ ఊరు బయటికి పోయింది, దాని పనులు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాయి. ప్రశ్నపత్రాలు అచ్చు ఊళ్ళో, ఖజానా ఊళ్ళో, సర్కారు ఊళ్ళో. ఈలోగా 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది నౌకర్లు. ఇప్పటికీ ఆర్టీసీ నంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని జనం చెప్పుకుంటారు. గౌలిగూడలో రేకుల గుమ్మటంలాంటి హ్యాంగరు బస్సులకు నీడైంది. 2018 జులైలో అది కుప్పకూలే దాకా మా బజారుకు వచ్చే పల్లె గిరాకీలో సగం దాని దగ్గర దిగే వచ్చేది. గుమాస్తాలు, లెక్చరర్లు ఆ బస్సుల్లోనే తిరిగారు. యూనివర్సిటీ సొంతంగా కారు కొనడం పెద్ద హోదాలకు మొదలై, తర్వాత జీపులుగా, వ్యాన్లుగా, బస్సులుగా కిందికి దిగింది. అర్హత అన్న మాట అక్కడే పుట్టింది. ఎవరికి కారు, ఎవరికి జీపు, ఎవరికి బస్సు టికెట్టు అన్నది హోదాను బట్టి తేలేది. ఎందుకు పోతున్నారన్నది రెండో ప్రశ్న. నన్నడిగితే మొదటి ప్రశ్న మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు రెండోదాని మీద పెట్టి ఉంటే ఆడిట్ అభ్యంతరాలు సగానికి తగ్గేవి.

నాయిన చెప్పిన పాత రిజిస్టర్లు ఉర్దూవి. కుడి నుంచి ఎడమకు గడులు, పక్కన ఫస్లీ సంవత్సరం. లెక్కల ఏడు ఏప్రిల్‌తో కాక ఆజూర్ మొదటి తారీఖుతో, అంటే అక్టోబరు 6తో మొదలయ్యేది. ఖర్చు హాలీ సిక్కాలో. పోలీసు యాక్షన్ తర్వాత ఒక్కొక్కటే మారుతూ పోయింది. గడులు ఎడమ నుంచి కుడికి తిరిగాయి, శీర్షికలు ఇంగ్లీషులోకి పోయి చాలా ఏళ్ళకు తెలుగులోకి వచ్చాయి. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు. ఆ వెంటే మెట్రిక్ కొలతలు. ‘మైళ్ళు’ అన్నచోట ‘కిలోమీటర్లు’, ‘గ్యాలన్లు’ అన్నచోట ‘లీటర్లు’. అచ్చుబ్లాకులు మార్చిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి బండ్ల మీటర్లు మైళ్ళే చూపించేవట. డ్రైవరు మైళ్ళు రాస్తే గుమాస్తా కిలోమీటర్లు చేసుకునేవాడు. ఆ గుణకారంలో ఎంత పెట్రోలు ఆవిరైందో దేవుడికే ఎరుక. 1973 చివర్లో అరబ్బుల చమురు దెబ్బకు పెట్రోలు ధర ఎగిరాక ఆ గుణకారం మీద అందరి కళ్ళూ పడ్డాయి. ‘లీటరుకు ఎంత ఇచ్చింది’ అని మరో గడి కావాలని అడగడం అప్పటి నుంచే. ఇన్ని మారినా ‘పని’ గడి వెడల్పు మారలేదు.

నాంపల్లికే ఒక యూనివర్సిటీ వచ్చింది 1985 డిసెంబరు 2న. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాక్షేత్రంలో తెలుగు విశ్వవిద్యాలయం. దాని పీఠాలు చూడండి: శ్రీశైలం, రాజమండ్రి పక్క బొమ్మూరు, కూచిపూడి, వరంగల్లు. చరిత్ర ఒక మూల, సాహిత్యం ఒక మూల, నాట్యం ఒక మూల, జానపదం ఒక మూల. భాష ఎక్కడ బతుకుతుందో అక్కడికే యూనివర్సిటీ పోవాలన్న ఆలోచన గొప్పదే. రవాణా విభాగం వైపు నుంచి చూస్తే మాత్రం ఒళ్ళు జలదరించే ఆలోచన. నాంపల్లి నుంచి శ్రీశైలం 200 కిలోమీటర్ల పైచిలుకు. మన్ననూరు దగ్గర అడవి చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, పులుల అడవి కదా. మీటింగు సాయంత్రం అయిదుకు ముగిసి, దర్శనానికి ఒక గంట పోతే గేటు అందకపోవచ్చు. ఇక రాత్రి బస, డ్రైవరు భత్యం, మర్నాటి వేళ. దర్శనం చేసుకున్న గంటకు ‘పని’ గడిలో చోటు లేదు, దానివల్ల పడిన రాత్రి బసకు మాత్రం ‘గేటు మూత’ అన్న బ్రహ్మాండమైన కారణం ఉంది. ఏ యూనివర్సిటీ బండి గురించి అంటున్నానని అడక్కండి. శ్రీశైలం పోయే సర్కారు బండ్లన్నిటికీ ఆ గేటు ఒకటే. 2014 విభజన తర్వాత ఆ నాలుగు పీఠాల్లో మూడు పక్క రాష్ట్రంలో పడ్డాయన్నది ఇంకో పెద్ద కథ.

మిగతా సర్కారు ఆఫీసుల కంటే యూనివర్సిటీ బండికి చిక్కు ఎక్కువ. తాసీల్దారు జీపు ఎక్కితే పనేమిటో ఊరందరికీ తెలుసు. ప్రొఫెసరు పని ఏమిటో ప్రొఫెసరుకు తప్ప తెలియదు, అప్పుడప్పుడు ఆయనకూ తెలియదు. అనుబంధ కాలేజీ తనిఖీ, సీలు వేసిన ప్రశ్నపత్రాల రవాణా, థీసిస్ మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకుణ్ణి నాంపల్లి స్టేషనులో దింపి రావడం, ఇవి తేలిక. మేడారం జాతర సంగతేమిటి? రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి సమ్మక్క సారలమ్మ గద్దెలకు వచ్చినప్పుడు జానపద పరిశోధకుడు అక్కడ ఉండకపోతే ఇంకెక్కడుంటాడు? ఆయన పాటలు రికార్డు చేస్తాడు, నిజమే. బెల్లం కూడా తూకం వేయిస్తాడు, అదీ నిజమే. జీపులో ఖాళీ ఉంది గదా అని ఇంట్లోవాళ్ళు ఎక్కితే పెట్రోలు ఒక్క చుక్క ఎక్కువ కాలదు. అయినా అది సొంత ప్రయాణమా, డ్యూటీయా? ఆడిట్ పార్టీ పెద్ద ఒకాయన మా దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతూ దీనికి చెప్పిన జవాబు నాకు నచ్చింది. “బండి ఎవరి కోసం బయలుదేరిందో చూస్తాను. ఎవరు ఎక్కారో తర్వాత చూస్తాను” అన్నాడు. ఎక్కినవాళ్ళను కూడా చూడకుండా వదిలేవాడేం కాదు.

ఢిల్లీలో కేంద్ర సర్కారుకు 1980 నాటి స్టాఫ్‌కారు నియమాలున్నాయి. వాటి పద్ధతి మొహమాటం లేనిది. అధికారి సొంత పనికి కారు కావాలంటే వాడుకోనిస్తారు, కిలోమీటరు లెక్కన పైసలు కట్టించుకుంటారు, లాగ్‌బుక్కులో ‘నాన్ డ్యూటీ’ అని రాయిస్తారు. ఇంటి నుంచి ఆఫీసుకు సర్కారు కారులో తిరిగేవాళ్ళకు రవాణా భత్యం ఉండదు. అమెరికాలో ఇంకా కటువు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సర్కారు కారును కావాలని సొంత పనికి వాడిన ఉద్యోగికి జీతం లేకుండా కనీసం ఒక నెల సస్పెన్షను. ‘కనీసం’ అన్నది గమనించాలి, దయ చూపించే వీలు పై అధికారికి కూడా లేదు. మన దగ్గర రెండూ కాని మధ్యదారి. సొంత పనికి వాడుకుని పైసలు కడతానంటే కట్టించుకునే కౌంటరు దొరకదు. కట్టకుండా వాడుకుంటే పట్టుకునే మనిషి రెండు మూడేళ్ళకు గాని రాడు. పైసలు కట్టించుకునే ఢిల్లీ పద్ధతే మేలని నా అభిప్రాయం. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఇంటి ముందున్న బండిని వాడుకోకుండా ఉండే మనిషి లేడు. ఆ మనిషి చేత అబద్ధం రాయించడం కంటే వంద రూపాయలు కట్టించుకోవడం నయం.

రెండు మూడేళ్ళకు పట్టుకోవడానికి వచ్చే ఆ మనిషి లోకల్ ఫండ్ ఆడిట్ నుంచి వచ్చేవాడు. ఆయన పట్టుకునే తీరు చూడముచ్చటగా ఉండేది. లాగ్‌బుక్కు ఒక్కదాన్నే చూస్తే ఏమీ దొరకదు. దాని పక్కన టీఏ బిల్లు పెడతాడు. సర్కారు బండిలో పోయినవాడికి దినభత్యమే గాని బస్సు చార్జీ, రైలు చార్జీ రాదు. ఫలానా తారీఖున వరంగల్లుకు జీపులో పోయినట్టు లాగ్‌బుక్కులో సంతకం, అదే తారీఖున రైలు చార్జీ కావాలని బిల్లు మీద అదే సంతకం. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తల ఎత్తకుండా ఎర్రసిరాతో ఒక టిక్కు. ఆ తర్వాత పెట్రోలు బంకు బిల్లు తీస్తాడు. ట్యాంకులో పట్టేదానికంటే ఎక్కువ పోయించిన రోజులు దొరుకుతాయి.

కోర్టు మెట్లెక్కితే ‘పని’ గడి విలువ ఇంకా పెరుగుతుంది. రాజస్థాన్ ప్రభుత్వం, విద్యావతి కేసులో 1962లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉదయపూర్ కలెక్టరు జీపు రిపేరు చేయించుకుని వర్క్‌షాపు నుంచి తిరిగొస్తూ దారినపోయే మనిషిని గుద్దింది. ఆయన చనిపోయాడు. మాది సర్కారు, మాకు బాధ్యత లేదన్న వాదన చెల్లలేదు. మామూలు యజమాని ఎట్లా పరిహారం ఇస్తాడో ప్రభుత్వమూ అట్లాగే ఇవ్వాలన్నారు. అందుకే ఖాళీ బండి వర్క్‌షాపుకు పోయినా లాగ్‌బుక్కులో రాయాలి. యూనివర్సిటీకి ఇంకో మెలిక ఉంది. మోటారు వాహనాల చట్టం సర్కారు సొంత బండ్లకు బీమా నుంచి మినహాయింపు ఇస్తుంది. యూనివర్సిటీ చట్టం ద్వారా పుట్టిన వేరే సంస్థ, దాని బండి రిజిస్ట్రారు పేరున ఉంటుంది. జనం దృష్టిలో, డ్రైవరు దృష్టిలో, పెట్రోలు పోసే ఖజానా దృష్టిలో అది సర్కారు బండే. బీమా దగ్గరికొస్తే కాదు. ప్రీమియం కట్టాల్సిందే. ఎన్నికలప్పుడు మాత్రం ఎవరూ ఆ తేడా అడగరు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షను కింద కలెక్టరు కాగితం పంపితే బస్సు, డ్రైవరు, లాగ్‌బుక్కు మూడూ పోలింగు డ్యూటీకి పోతాయి. అప్పుడు ‘పని’ గడిలో రాతకు ఎవరూ తడుముకోరు.

ఇన్ని నియమాల బరువు మోసేది డ్రైవరు. రాసేది ఆయన, సంతకం పెట్టాల్సింది సాబు. సాబు దిగి చకచకా మెట్లెక్కి పోతాడు. వెంటపడి సంతకం అడిగితే “రేపు పెడతాలేవయ్యా” అంటాడు. నెలాఖరుకు ముప్పై గడులు ఖాళీ. ఒక డ్రైవరన్న నాతో ఇట్లా అన్నాడు: “అన్నా, మేడమ్‌ను కూరగాయలకు తీసుకపోయిన అని రాస్తే నా నౌకరీ పోతది. రాయకుంటే కిలోమీటర్లు ఎక్కువైనయని నా జీతంల కోస్తరు. నువ్వే చెప్పు, ఏం రాయాలె?” మరి ఏం రాస్తున్నావన్నాను. “లోకల్” అన్నాడు. ఆ మాట తర్వాత ఎన్నో లాగ్‌బుక్కుల్లో చూశాను. లోకల్, లోకల్ డ్యూటీ, టౌన్ డ్యూటీ. మోజంజాహీ మార్కెట్టు, బడి, పెళ్ళి, ఆసుపత్రి అన్నీ అందులోనే. తప్పు రాసినవాడిది అనుకునేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎక్కినవాడు కారణం తన చేత్తో రాసి సంతకం పెట్టాలని నియమం ఉండి, అది రాయనిదే బండి తాళం ఇవ్వకుండా ఉంటే ‘లోకల్’ అన్న మాటకు పని ఉండేది కాదు. ఒక రవాణా విభాగం సూపరింటెండెంటు అట్లాంటి ముందస్తు ఇండెంటు పుస్తకం మా దగ్గర కుట్టించుకున్నాడు. బాగా నడిచింది. ఆయన బదిలీ అయ్యాక రెండో పుస్తకానికి ఆర్డరు రాలేదు.

ఈలోగా బండ్లే మారిపోయాయి. 2014 మేలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు దిగిపోయాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన సర్కారు బండ్లకు రిజిస్ట్రేషను పొడిగింపు లేదని కేంద్రం నియమం తెచ్చింది. షెడ్లలో టైర్లు లేని బండ్లు ఒక్కసారిగా తుక్కు లెక్కలోకి పోయాయి. కొత్తవి కొనే బదులు నెల అద్దెకు, పసుపు నంబరు ప్లేటు కార్లు పెట్టుకోవడం అలవాటైంది. డ్రైవరు ఏజెన్సీ మనిషి, రిపేరు ఏజెన్సీది, నెలకు ఇన్ని కిలోమీటర్లని ఒప్పందం. ఆ కిలోమీటర్లు దాటకపోతే ఎవరూ ఏమీ అడగరు. మిగిలిపోతే అవి ఎట్లాగూ కట్టిన డబ్బే గదా అని నెలాఖరులో తిరిగేస్తారు.

ఆ ఏజెన్సీల ట్రిప్‌షీట్లు ఇప్పుడు మా దుకాణంలోనే వేయిస్తున్నారు. పల్చటి కాగితం, మూడు ప్రతులు, వంద షీట్ల ప్యాడు. కాలికో జిల్దు అక్కర్లేదంటారు. అందులో తారీఖు, వేళ, రీడింగు, టోలు, పార్కింగు, సంతకం ఉన్నాయి. ‘పని’ గడి లేదు. ఒక ఏజెన్సీ అబ్బాయిని అడిగాను, యూనివర్సిటీకి పంపే షీటు గదా, అదొక్కటి పెట్టించకపోయావా అని. “అంకుల్, వాళ్ళు అడగలేదు. పెడితే లైను ఎక్కువైతది, రేటు పెరుగుతది” అన్నాడు. పెరిగే రేటు ప్యాడుకు రెండు రూపాయలు. ఆ రెండు రూపాయలు నేనే వదులుకుంటానన్నాను. పార్టీని అడిగి చెబుతానన్నాడు.